వీపు మీది పంపు

పత్తి మొలకెత్తి రెండాకులు విప్పే రోజుల్లో వరంగల్‌లో విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణాల ముందు పంపులు బారులు తీరతాయి. ఒక పక్క పెట్రోలుతో నడిచేవి. ఏ దేశంలో తయారైనా పల్లెల్లో వాటి పేరు తైవాన్ పంపే. ఇంకో పక్క బ్యాటరీతో నడిచే చార్జింగ్ పంపులు. ఏది కొనాలని అడిగితే దుకాణంలో చెప్పే లెక్క ఒకటే: రోజుకు ఎన్ని ఎకరాలు అవుతుంది? నూరేళ్లు దాటిన ఈ పనిముట్టు కథను మొదటి నుంచి తిరగేస్తే ఆ లెక్కలో ఎన్నడూ చేరని మనిషి ఒకడు కనబడతాడు. దాన్ని వీపున మోసేవాడు.

పంపు పుట్టింది పత్తి కోసం కాదు, ద్రాక్ష కోసం. 1880ల్లో ఫ్రాన్స్ ద్రాక్ష తోటలను బూజు తెగులు తుడిచిపెడుతుంటే, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం దానికి విరుగుడని మియార్దే అనే శాస్త్రవేత్త 1885లో చాటాడు. మన మిరప, బత్తాయి రైతులు నేటికీ వాడే మిశ్రమం అదే. మందైతే దొరికింది, ఆకు ఆకుకూ పట్టించేదెట్లా? మొదట్లో చీపురు కట్టలతో చిలకరించారు. విల్‌ఫ్రాంష్ పట్టణంలో విక్టర్ వెర్మొరెల్ నడిపిన కర్మాగారం వీపున తగిలించుకునే డబ్బా, పక్కన ఆడించే పిడి ఉన్న పంపును తయారుచేసి దేశదేశాలకూ అమ్మింది. మన దగ్గర ముంబై మలాడ్‌లోని ఆస్పీ కంపెనీ పంపులు ఊరూరా చేరాయి. మొదట ఇత్తడివి, తర్వాత ప్లాస్టిక్‌వి. మూల సూత్రం మాత్రం మారలేదు. ఎడమ చేత్తో పిడిని పైకీ కిందికీ ఆడిస్తూ, కుడి చేత్తో గన్ను తిప్పుతూ, సాలు వెంట నడవాలి. పిడి ఆగితే మందు ఆగుతుంది.

వరంగల్‌కు పత్తి కొత్త కాదు. నిజాం కాలంలో 1934లో ఇక్కడ ఆజంజాహీ మిల్లు వెలిసిందంటే చుట్టుపక్కల పత్తి ఉండబట్టే. పత్తికి మందు కొట్టడమే కొత్త. జొన్న, కంది, పెసర పండిన చెలకల్లోకి 1980ల్లో హైబ్రిడ్ పత్తి పెద్దయెత్తున దిగింది. కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చి భూములు కొన్న, కౌలుకు పట్టిన రైతులు ఆ సాగు పద్ధతిని వెంట తెచ్చారు. పద్ధతితో పాటు పంపూ వచ్చింది. అదే దశాబ్దం చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విరుచుకుపడి పత్తి రైతుల ప్రాణాలు తీసింది. ఆ హెచ్చరికను వరంగల్‌లో ఎవరూ చెవిన పెట్టలేదు.

1997 వానాకాలం పంట మీద లద్దె పురుగు పడింది. అకాల వానలు, వీడని ముసురు. ఏ మందు కొట్టినా పురుగు చావలేదు. పదిహేను, ఇరవై సార్లు కొట్టినవాళ్లున్నారు. మందు అమ్మేవాడే అప్పు ఇచ్చాడు, ఏ మందు కొట్టాలో కూడా అతనే చెప్పాడు. 1997-98లో వరంగల్ జిల్లాలో వరుసపెట్టి జరిగిన పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. విత్తనం, అప్పు, కల్తీ మందు, ధర అన్నింటి గురించీ అప్పుడు రాశారు, ఇప్పటికీ రాస్తున్నారు. మనిషి మోసిన బరువు గురించి రాసినవాళ్లు తక్కువ. ఏపుగా పెరిగిన పత్తికి ఎకరాకు 200 లీటర్ల మందు నీళ్లు కావాలి. పంపు పట్టేది 16 లీటర్లు. అంటే ఎకరాకు పన్నెండు, పదమూడు ట్యాంకులు, నాలుగెకరాలకు 50. ఇరవై సార్లు కొడితే ఆ ఒక్క పంట మీద 1000 ట్యాంకులు. ఒక్కో ట్యాంకు నీళ్లే 16 కిలోలు, పంపు బరువు అదనం. ఆ నీళ్లను బావి నుంచో కుంట నుంచో బిందెలతో మోసి, మందు కలిపి అందించింది ఎక్కువగా ఆడవాళ్లు. ఇంత మోసినా పంట దక్కలేదు.

ఆ దెబ్బ తర్వాత వరంగల్ నేల మీద రెండు దారులు చీలాయి. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉండి ఇప్పుడు జనగామ జిల్లాలోకి వెళ్లిన ఏనెబావి అనే చిన్న ఊరు పురుగుమందులతో పాటు రసాయన ఎరువులనూ మొత్తంగా వదిలేసింది. రెండో దారి బీటీ పత్తి. 2002 మార్చిలో కేంద్రం దానికి అనుమతిచ్చింది. తొలి రకాలు ఇక్కడి రైతులను ముంచాయి, వాటిలో మూడింటికి 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి నిలిపేశారు. అయినా ఒకటి రెండేళ్లలో జిల్లా అంతా బీటీ అయింది. కాయతొలుచు పురుగుకు కొట్టే మందు తగ్గిన మాట నిజమే. రసం పీల్చే పచ్చదోమ, తామర పురుగులకు మాత్రం బీటీతో పనిలేదు. పంపు అటకెక్కలేదు.

ఆ కాలంలోనే కూలీల కొరత మొదలైంది. 2006లో ఉపాధి హామీ పథకం వచ్చాక పొద్దంతా పిడి ఆడించే పనికి మనిషి దొరకడం కష్టమైంది. అలా మోసేవాడి చేతికి కొంత బేరమాడే బలం వచ్చాకే యజమాని చూపు ఇంజన్ పంపు మీదికి మళ్లింది. తైవాన్ పంపు పొలంలోకి అట్లా నడిచి వచ్చింది. సబ్సిడీ జాబితాలకూ ఎక్కింది.

దాన్ని దగ్గరి నుంచి చూడాలి. 25 లీటర్ల ట్యాంకు, దాని కింద చిన్న ఇంజన్. టూ స్ట్రోక్ రకమైతే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల చొప్పున 2టీ ఆయిల్ కలపాలి. చాలాచోట్ల ఆ కొలత వాటర్ బాటిల్ మూతతోనే. చోక్ వేసి, తాడు గుంజాలి. పోయినేడు మిగిలిన పెట్రోలు కార్బురేటర్‌లోనే ఎండి జిగురు కట్టి ఉంటే పది సార్లు గుంజినా అంటుకోదు. చేను గట్టు మీదే ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తారు. అంటుకున్నాక మాత్రం దాని బలమే బలం. గన్ను పైకి లేపితే నిలువెత్తు మిరప కొసకూ మందు అందుతుంది. చేతి పంపుతో రోజంతా పట్టే చేను పూటలో అయిపోతుంది. అందుకే దాన్ని తప్పుపట్టడం తేలిక కాదు. ముసురు వదిలిన ఒక్క పూటలో మందు పడకపోతే పంట పోయే రోజులుంటాయి. రైతుకు ఆ పూట విలువ తెలుసు.

అయితే ఆ ఇంజన్ ఉండేది మనిషి నడుముకు ఆనుకుని. వేడి, వణుకు వెన్నులోకి దిగుతాయి. పొగ వెనక నుంచి మెడ మీదికి వస్తుంది. చెవికి మూరెడు దూరంలో మోత. ఎనిమిది గంటల పనిలో శబ్దం 85 డెసిబెల్స్ దాటకూడదని వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్పే హద్దును ఇలాంటి ఇంజన్లు సులువుగా దాటేస్తాయి. పైగా టూ స్ట్రోక్ ఇంజన్ తన ఇంధనంలో దాదాపు పావు వంతును కాల్చకుండానే బయటికి వదులుతుంది. వీటన్నింటికీ మించి, పీడనం పెరిగినకొద్దీ మందు తుంపర సన్నబడి పొగమంచులా గాలిలో తేలుతుంది. 2017లో ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తును మించి పెరిగింది. మందు మీద మందు కలిపి కొట్టారు. సన్నటి తుంపర చిమ్మే కొత్త పవర్ పంపుల పాత్ర గురించీ అప్పుడు చర్చ జరిగింది. చేను మీద పడాల్సింది మనుషుల ముక్కుల్లోకి పోయింది.

ఇక చార్జింగ్ పంపు. కరెంటుతో నడిచే పనిముట్టు అంటే నిన్నమొన్నటి వింత అనుకుంటాం కానీ, చెట్లు కోసే రంపాలకు పేరుపడ్డ జర్మనీ స్టిల్ కంపెనీ 1926లో చేసిన మొదటి మోటారు రంపం కరెంటుదే. పెట్రోలు రంపం మూడేళ్ల తర్వాత, 1929లో వచ్చింది. తీగ లేని చోటుకు కరెంటును మోసుకెళ్లే దారి లేక పెట్రోలు గెలిచింది. ఆ తేడాను తగ్గించింది 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ. మన చార్జింగ్ పంపులు మాత్రం చాలావరకు అంతకన్నా పాతదైన సీసం బ్యాటరీతోనే మొదలయ్యాయి. 12 వోల్టులది ఒకటి డబ్బా అడుగున కూర్చుంటుంది, చిన్న మోటారు పంపును తిప్పుతుంది. స్విచ్ నొక్కితే చాలు. ఎడమ చేతికి విశ్రాంతి. పక్క సాలులో ఉన్న మనిషి పిలిస్తే వినబడుతుంది.

తెలంగాణ పల్లెల్లో ఇది కుదురుకోవడానికి ఇంకో కారణం కరెంటు. 2012, 2013 సంవత్సరాల కోతలు గుర్తున్నవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. రాత్రి ఎనిమిది గంటలు చార్జింగ్‌లో పెట్టాల్సిన పంపు, ఆ రోజుల్లో తెల్లారేసరికి సగం కూడా నిండేది కాదు. ఇళ్లకు కరెంటు నిలకడగా వచ్చాక, టీవీ పక్కనున్న ప్లగ్గులో పెట్టిన చార్జర్ ఎర్ర దీపం పొద్దున్నకు పచ్చగా మారడం మామూలైంది. వ్యవసాయ బావి దగ్గర మోట పోయి ఆయిల్ ఇంజన్, అది పోయి కరెంటు మోటారు వచ్చిన క్రమమే ఇక్కడా నడిచింది. మోటారుకు 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. పంపుకు కావాల్సింది రాత్రిపూట ఇంటి మీటరు మీద ఒక యూనిట్‌లో చిన్న భాగం.

లోపాలూ చెప్పాలి. చార్జింగ్ పంపు ఒత్తిడి ఏపైన మిరపకు చాలదు. 2021-22లో మిరప పూతను నల్ల తామర పురుగు మాడ్చేసినప్పుడు వరంగల్, మహబూబాబాద్ రైతులు ఇంజన్ పంపులకే ఎగబడటం అందుకే. సీసం బ్యాటరీని సీజన్ అయ్యాక చార్జ్ చేయకుండా మూలన పడేస్తే మళ్లీ లేవదు. కొత్తది కొనాలి, పాతది పాత సామాన్లవాడికి పోతుంది. అక్కడ దాన్ని పగలగొట్టి సీసం తీసే చేతుల గురించి కూడా ఆలోచించాలి.

అమెరికాలో ఈ ఎంపిక చట్టమైంది. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉండే కాలిఫోర్నియాలో, పచ్చిక కోసే, ఆకులు ఊదే చిన్న పెట్రోలు యంత్రాల కొత్త అమ్మకాలను ఆపాలని 2021 అక్టోబరులో చట్టం చేశారు, 2024 నుంచి అమలుకు దిగారు. పెట్రోలుతో ఆకులు ఊదే యంత్రం గంటసేపు నడిస్తే వచ్చే కాలుష్యం, 2017 నాటి కారు సుమారు 1,100 మైళ్లు తిరిగితే వచ్చేదానితో సమానమని అక్కడి గాలి నాణ్యతా మండలి లెక్కకట్టింది. ఆ చట్టంలో నాకు నచ్చింది ఆ పోలిక కాదు. సొంతంగా తోటపని చేసుకు బతికేవాళ్లు బ్యాటరీ యంత్రాలకు మారడానికి 3 కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. యంత్రాన్ని మోసేవాడిని గుర్తుపెట్టుకుని రాసిన నియమం అది.

మన దగ్గర సబ్సిడీ ఇచ్చేది భూమి పట్టా ఉన్నవాడికి. పంపు మోసేవాళ్లలో చాలామందికి భూమి లేదు. అలాంటివాడికి కూలి ట్యాంకు లెక్కన. ఎన్ని ట్యాంకులు ఖాళీ చేస్తే అంత డబ్బు. అందువల్ల గాలి ఎదురొచ్చినా, ఎండ మండినా ఆగడు, మూతికి కట్టుకున్న తువ్వాల తడిసినా మార్చుకోడు. యజమాని పంపు ఇస్తే ఇంజన్ పంపే ఇస్తాడు, పని తొందరగా అవుతుంది కాబట్టి. తనే సొంతంగా కొనుక్కునే కూలి ఎక్కువగా చార్జింగ్ పంపు వైపు చూస్తాడు. పెట్రోలు ఖర్చు తన జేబులోంచి పోదు, సాయంత్రానికి నడుము కొంచెం మిగులుతుంది. ఎంపిక మోసేవాడి చేతిలో ఉన్నప్పుడు ఏది గెలుస్తుందో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పత్తికి, మోకాలెత్తు పంటకు చార్జింగ్ పంపే సరైనది. నిలువెత్తు మిరపకు ఇంజన్ తప్పనిసరైతే దాన్ని వీపు మీద పెట్టొద్దు. ఇంజన్ గట్టు మీద ఉండి, పొడవాటి పైపు చేనులోకి వెళ్లే హెచ్‌టీపీ పంపులు ఇప్పటికే ఉన్నాయి. సబ్సిడీ జాబితాలో ట్యాంకు ఎన్ని లీటర్లో, ధర ఎంతో రాసినట్టే, నిండినప్పుడు బరువెంత, మోత ఎన్ని డెసిబెల్స్ అన్నది కూడా రాయాలి. భూమి లేని కూలి పేరున కూడా పంపు ఇవ్వాలి. రెండు సీజన్ల తర్వాత చచ్చిపోయే సీసం బ్యాటరీకి బదులు లిథియంది ఇస్తే డబ్బా కొంత తేలికవుతుంది, పాత బ్యాటరీ వెనక్కి తీసుకునే బాధ్యత 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారుదే. వానాకాలానికి ముందే వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల దుకాణాల్లో కొత్త సరుకు దిగుతుంది. ఈ మార్పులు సబ్సిడీ జాబితాల్లో చేరాల్సిన సమయం కూడా అదే.