తెర లేచాక మొదటి పని

1985లో వచ్చిన అల్టిమా 4 ఆట ఒక వాగు ఒడ్డున, చెట్టు నీడలో మొదలవుతుంది. దగ్గర్లో తిరునాళ్ల సందడి. అక్కడ ఒక బండిలో జోస్యం చెప్పే స్త్రీ కూర్చుని ఉంటుంది. ఆటగాడు ఎదుట కూర్చోగానే రెండు కార్డులు బల్ల మీద పరిచి ప్రశ్న వేస్తుంది. లెక్కపెట్టని బంగారపు సంచిని ఒకరికి అందజేయమని నిన్ను నమ్మి పంపారు. దారిలో బిచ్చగాడు ఎదురయ్యాడు. సంచిని ఉన్నదున్నట్టు అప్పగిస్తావా? ఒక్క నాణెం తగ్గితే ఎవరికీ తెలియదు గనుక అతనికి ఇస్తావా? మొదటిది నిజాయితీ, రెండోది కరుణ. రెండూ మంచివే. అయినా ఒకదాన్ని వదులుకోక తప్పదు.

అప్పటివరకూ రోల్‌ప్లేయింగ్ గేముల ఆరంభం చాలామటుకు అంకెల వ్యవహారం. 1981 నాటి విజార్డ్రీలో బలం, తెలివి, భక్తి వంటి గుణాలకు పాయింట్లు పంచుకుని నేలమాళిగలోకి దిగడమే. ఫ్లాపీ డిస్కులో చోటు తక్కువ. చెప్పవలసిన కథ ఏదైనా ఉంటే పెట్టెలో వచ్చే పుస్తకంలోకి వెళ్లేది. అల్టిమా సృష్టికర్త రిచర్డ్ గారియట్ ఆ పద్ధతిని మార్చాడు. ఎనిమిది సద్గుణాలను జతలుగా పోటీకి నిలిపి, ఏడు ప్రశ్నల్లో ఒక్కదాన్ని మిగిల్చాడు. ధైర్యం మిగిలితే ఆటగాడు యోధుడు, కరుణ మిగిలితే గాయకుడు, వినయం మిగిలితే గొర్రెల కాపరి. ఈ ఆటలో చివరికి చంపవలసిన దుష్టుడు లేడు. ఎనిమిది గుణాలనూ ఆచరణలో నిలబెట్టుకుని ‘అవతార్’ కావడమే లక్ష్యం. సంస్కృతం నుంచి ఇంగ్లీషు దాకా నడిచిన మన అవతారమే ఆ మాట. అంత పెద్ద సంకల్పానికి, ఆటగాడి మనసును ముందే తట్టి చూసిన ఆ బండిలోనే పునాది పడింది.

ఆ బండి నేర్పిన పాఠమే ఈ ఆటల చరిత్ర పొడవునా కనిపిస్తుంది. సినిమా తొలి దృశ్యాన్ని మనం చూస్తాం. ఆట తొలి దృశ్యంలో మన చేత ఏదో ఒక పని చేయిస్తారు. ఆట స్వభావాన్ని సంగీతం కన్నా, రంగుల కన్నా గట్టిగా చెప్పేది ఆ మొదటి పనే.

మరుసటి ఏడాది, 1986 మేలో, జపాన్‌లో యూజీ హోరీ రూపొందించిన డ్రాగన్ క్వెస్ట్ ఫామికామ్ అనే ఆటల యంత్రం మీద వచ్చింది. పరుగెత్తడం, గెంతడం అలవాటైన పిల్లలకు ఈ తరహా ఆట కొత్త. అందుకే హోరీ వాళ్లను రాజుగారి సభలో తాళం వేసిన గదిలో నిలబెట్టాడు. మాట్లాడితేనే సంగతి తెలుస్తుంది. పెట్టె తెరిస్తేనే తాళంచెవి దొరుకుతుంది. దాంతో తలుపు తీసి మెట్లు దిగితేనే బయటి లోకం. అడుగు బయటపెట్టి కాస్త నడిస్తే, నీటికి అవతల శత్రువు కోట కనిపిస్తుంది. కంటికి అంత దగ్గర. చేరాలంటే లోకమంతా చుట్టి రావాలి. ఆ గది పాఠశాల అయితే ఆ కోట దూరం మొత్తం కథ.

1994 నాటికి సూపర్ ఫామికామ్ యంత్రానికి దృశ్యాన్ని నిదానంగా నడిపే శక్తి వచ్చింది. ఫైనల్ ఫాంటసీ 6 తొలి దృశ్యంలో మంచు మైదానం మీద మూడు యుద్ధయంత్రాలు నడుస్తూ పోతుంటాయి. నోబువో ఉఎమాత్సు సంగీతం వినిపిస్తుంటే సృష్టికర్తల పేర్లు తెర మీదికి వస్తుంటాయి. ఆ యంత్రాల్లో ఒకదానిపై టెర్రా అనే అమ్మాయి ఉంది. ఇష్టాయిష్టాలు లేకుండా చేసే పట్టీ ఒకటి ఆమె తలకు సామ్రాజ్యపు మనుషులు బిగించారు. ఊరు చేరగానే యుద్ధం మొదలవుతుంది, ఆజ్ఞలిచ్చే పని మన చేతికి వస్తుంది. ఇష్టం లేని మనిషి చేత పోరు చేయిస్తున్నది ఇప్పుడు సామ్రాజ్యం ఒక్కటే కాదు, మనమూ. టెర్రా తానెవరో వెతుక్కునే కథంతా ఆ చిన్న అపరాధం నీడలోనే సాగుతుంది.

అమెరికాలో బ్లాక్ ఐల్ స్టూడియోస్ 1999లో విడుదల చేసిన ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లో మొదటి పని శవాగారంలోని బల్ల మీద నుంచి లేవడం. నాయకుడికి పేరు లేదు, జ్ఞాపకం లేదు. గాల్లో తేలే ఒక పుర్రె అతని వీపు మీది పచ్చబొట్టు రాతలను చదివి వినిపిస్తుంది. అవి తనకు తానే రాయించుకున్న సూచనలు. చావు ఓటమి కాని ఆట ఇదని, పోరాటం కన్నా చదవడం ముఖ్యమని ఆ బల్ల దగ్గరే అర్థమవుతుంది.

2002 నాటి మారోవిండ్‌లో ఆటగాడు ఖైదీల ఓడలో కళ్లు తెరుస్తాడు. పక్కనున్న ఖైదీ పేరు అడుగుతాడు. ద్వీపం రేవులో దిగాక గుమాస్తా వివరాలు రాసుకుంటాడు. కావాలంటే పది ప్రశ్నలకు జవాబులిచ్చి వృత్తిని నిర్ణయించుకోవచ్చు. జోస్యం బండిలోని ప్రశ్నలకు ఇవి వారసులే. అయితే అడిగేది ఇప్పుడు ప్రభుత్వోద్యోగి. వలస పాలన, కాగితాలు, అనుమతులు నిండిన ఆ ద్వీపానికి ఇంతకన్నా తగిన ద్వారం లేదు.

2019లో ఎస్తోనియా రచయిత రాబర్ట్ కుర్విట్జ్ బృందం తెచ్చిన డిస్కో ఎలీసియం టార్మెంట్ దారిలోనే మతిమరుపుతో మొదలవుతుంది. చీకటి తెర, తాగి పడిపోయిన పోలీసు అధికారితో అతని మెదడే మాట్లాడుతుంది. లేచి చూస్తే ధ్వంసమైన హోటల్ గది, తిరుగుతున్న ఫ్యాను రెక్కకు వేలాడే టై. దాన్ని అందుకోవాలి. ఆటగాడు శరీర దారుఢ్యానికి పాయింట్లు మరీ తక్కువ పెట్టి ఉంటే, ఆ ప్రయత్నంలోనే గుండె ఆగి ఆట ముగిసిపోవచ్చు.

విజార్డ్రీలో మనం పంచుకున్న అంకెలు నేలమాళిగలో రాక్షసుడు ఎదురైనప్పుడు గానీ పరీక్షకు వచ్చేవి కావు. ఇక్కడ అవే అంకెలు బట్టలు తొడుక్కునే వేళకే మనిషి బలహీనతగా మారి ఎదురుగా నిలబడతాయి. ముప్పై ఎనిమిదేళ్లలో ఈ కళ నడిచిన దూరం అది. మొదటి పని ఎంత చిన్నదైతే దాని బరువు అంత తెలుస్తుందని ఆ టై దగ్గర తేలింది. ప్రపంచాన్ని కాపాడమని ఆ గదిలో ఎవరూ అడగరు. ముందు లేచి నిలబడమంటారు.