క్యాసెట్టా, సీడీనా: నింటెండో 64 నుంచి గేమ్ కంపెనీలు ఎందుకు వెళ్ళిపోయాయి?

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో 90ల్లో పెరిగిన అన్నయ్యో, బాబాయో, అక్కో ఉంటే వెళ్ళి అడగండి: "చిన్నప్పుడు వీడియో గేమ్‌లో ఏమేం ఆడేవాళ్ళు?" అని. మారియో అంటారు. ఆ వెంటనే కాంట్రా అంటారు. ట్యాంక్ గేమ్ అంటారు. చెట్టు మీద పళ్ళు కోసుకుంటూ గొడ్డలి విసిరే టోపీ కుర్రాడి గేమ్ అంటారు. మా ఇంట్లో కూడా అదే లిస్టు. కోఠి నుంచి తెచ్చిన ఒక డూప్లికేట్ కన్సోల్, ఒక పసుపు రంగు క్యాసెట్, ఆడకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదడం.

ఇప్పుడు ఆ లిస్టును ఇంకోసారి చూద్దాం. మారియో ఒక్కటే నింటెండో సొంత గేమ్. కాంట్రా చేసింది కొనామి. ట్యాంక్ గేమ్ అసలు పేరు బ్యాటిల్ సిటీ, 1985లో నామ్కో చేసింది. గొడ్డలి కుర్రాడిది అడ్వెంచర్ ఐలాండ్, అది హడ్సన్ వాళ్ళది. అంటే మిషన్ డిజైన్ ఒకరిది, అందులో ఆడిన గేములు ఇంకొకరివి. ఈ ఇంకొకరినే థర్డ్ పార్టీ అంటారు. మీ ఫోన్‌కి వాట్సాప్ ఎలాగో కన్సోల్‌కి వీళ్ళు అలాగ. ఫోన్ ఎంత బాగున్నా వాట్సాప్ రాకపోతే కొంటారా? కొనరు కదా. ఈ కథలో ఆ ట్యాంక్ గేమ్ కంపెనీని మాత్రం మర్చిపోకండి, మళ్ళీ వస్తుంది.

అసలు థర్డ్ పార్టీ అనేది ఒక అలక నుంచి పుట్టింది. 1977లో వచ్చిన అటారి 2600కి మొదట్లో గేములన్నీ అటారియే చేసేది. చేసినవాడి పేరు పెట్టె మీద ఉండదు, గేమ్‌లో ఉండదు. జీతం తప్ప ఇంకేం రాదు. ఒకరోజు ఆఫీసులో ఏ గేమ్ ఎంత అమ్ముడైందో చెప్పే కాగితం ఒకటి తిరిగింది. దాన్ని నలుగురు ప్రోగ్రామర్లు కూర్చుని కూడారు. ఆ ఏడాది 10 కోట్ల డాలర్ల అమ్మకాల్లో 6 కోట్లు ఈ నలుగురు చేసిన గేముల నుంచే వచ్చాయట. వాళ్ళలో ఒకరైన డేవిడ్ క్రేన్ తర్వాత చాలాసార్లు చెప్పిన లెక్క ఇది. వెళ్ళి బాస్‌ని అడిగారు, ఫలితం లేదు. 1979లో బయటికి వచ్చి యాక్టివిజన్ పెట్టారు. మీ ఫోన్లలో కాల్ ఆఫ్ డ్యూటీ తెరిస్తే కనిపించే పేరు అదే. అటారి కోర్టుకెళ్ళింది. 1982లో రాజీ కుదిరింది: అటారికి రాయల్టీ కట్టి, ఎవరి గేములు వాళ్ళు అమ్ముకోవచ్చు.

తలుపు తెరుచుకుంది. ఎవరు పడితే వాళ్ళు లోపలికి వచ్చేశారు. ఎంతలా అంటే ఓట్స్ అమ్ముకునే క్వేకర్ ఓట్స్ కంపెనీ కూడా గేముల కంపెనీ నడిపింది! చెత్త గేములతో షాపులు నిండిపోయాయి, 1983లో అమెరికా మార్కెట్ కూలిపోయింది. 300 కోట్ల డాలర్లకు పైగా ఉన్న వ్యాపారం 1985కల్లా 10 కోట్లకు పడిపోయిందని చెప్తారు.

నింటెండో ఇదంతా చూసింది. వాళ్ళు నేర్చుకున్న పాఠం ఏంటంటే, తాళం మన చేతిలో ఉండాలి.

అప్పటి నింటెండో పెద్దాయన హిరోషి యమౌచి. 1985లో అమెరికాకి కన్సోల్ పంపినప్పుడు లోపల నిజంగానే ఒక తాళం చిప్ పెట్టించారు. కన్సోల్‌లో ఒక చిప్, క్యాసెట్‌లో ఒక చిప్. రెండూ మాట్లాడుకుంటేనే గేమ్ మొదలవుతుంది. జపాన్‌లో 1983లో వచ్చిన మొదటి ఫ్యామికామ్‌లో ఈ చిప్ లేదు. మన పసుపు క్యాసెట్లన్నీ ఆ ఫ్యామికామ్ నకళ్ళకి చేసినవే. అందుకే వాటిని నకలు కొట్టడం అంత ఈజీ అయింది.

ఇక అమెరికాలో షరతులు చూడండి. ఒక కంపెనీ ఏడాదికి ఐదు గేములే తేవాలి. నింటెండోకి చేసిన గేమ్‌ను రెండేళ్ళ పాటు ఇంకే కన్సోల్‌కీ ఇవ్వకూడదు. క్యాసెట్లు నింటెండోనే తయారు చేయిస్తుంది, కనీసం 10,000 ఆర్డర్ ఇవ్వాలి, డబ్బులు ముందే కట్టాలి. అమ్ముడుపోకపోతే? అది మీ ఖర్మ. నింటెండోకి రావాల్సింది వచ్చేసింది. 1988లో చిప్పుల కొరత వచ్చినప్పుడు ఇంకో చిక్కు. మీరు ఎన్ని ఆర్డర్ ఇచ్చినా ఎన్ని క్యాసెట్లు ఇవ్వాలో నింటెండో డిసైడ్ చేసేది. ఐదు గేముల రూల్ తప్పించుకోవడానికి కొనామి ఏం చేసిందో తెలుసా? అల్ట్రా గేమ్స్ అని ఇంకో పేరుతో ఇంకో కంపెనీ పెట్టింది. రేషన్ కార్డు ఒక్కటే అయితే ఇంట్లో వేరు కాపురం చూపించినట్టు.

ఇంతా చేసి ఎందుకు భరించారు అంటే, డబ్బులు అక్కడే ఉన్నాయి కాబట్టి. అమెరికాలో అమ్ముడయ్యే కన్సోళ్ళలో సింహభాగం నింటెండోదే. ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి. ఆ కట్టుదిట్టం వల్లే చెత్త తగ్గి మార్కెట్ మళ్ళీ లేచింది. కాబట్టి యమౌచిని విలన్‌ని చేసేయకండి.

ఇప్పుడు మన ట్యాంక్ గేమ్ కంపెనీ దగ్గరికి వద్దాం. 1984లో హడ్సన్, నామ్కో ఈ రెండే ధైర్యం చేసి ఫ్యామికామ్‌కి మొదట గేములు చేశాయి. ముందు వచ్చినవాళ్ళు కాబట్టి వాళ్ళకి మంచి షరతులు దొరికాయి. నామ్కో తన క్యాసెట్లు తానే తయారు చేసుకోవచ్చు. 1989లో ఆ ఒప్పందం గడువు ముగిసింది. రెన్యూవల్‌కి వెళ్తే, ఇక మీకూ అందరితో పాటే అన్నారు. నామ్కోని స్థాపించిన మసాయా నకమురాకి ఒళ్ళు మండిపోయింది. పేపర్‌కి ఎక్కి మరీ విమర్శించారు. చివరికి సంతకం పెట్టక తప్పలేదు, ఎందుకంటే వెళ్ళడానికి సరైన ఇంకో చోటు లేదు.

ఆ చోటు 1994 డిసెంబర్ 3న వచ్చింది. దాని పేరు ప్లేస్టేషన్.

సోనీ నిజానికి నింటెండోతో కలిసి సీడీ కన్సోల్ చేయాలనుకుంది. 1991లో చికాగో ఎలక్ట్రానిక్స్ షోలో సోనీ ఆ మిషన్ గురించి ప్రకటించిన మర్నాడే, నింటెండో స్టేజ్ ఎక్కి మా పార్ట్‌నర్ ఫిలిప్స్ అని చెప్పేసింది. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు మారినట్టు. సోనీలో కెన్ కుతరాగి అనే ఇంజినీర్, అయితే మనమే చేద్దాం అని పట్టుబట్టారు. ఈ కథ యూట్యూబ్ నిండా ఉంది కాబట్టి ఇక్కడ సాగదీయను. దాని తర్వాత జరిగినదే నాకు ముఖ్యం.

సోనీకి సొంతంగా చెప్పుకోదగ్గ గేములు లేవు. కాబట్టి ఇతర కంపెనీల గడప తొక్కాల్సిందే. మొదట్లోనే చెయ్యి కలిపింది ఎవరో ఊహించండి. నామ్కో! ప్లేస్టేషన్ వచ్చిన మొదటి రోజే రిడ్జ్ రేసర్ వచ్చింది. టెక్కెన్ ఆర్కేడ్ మిషన్‌నే ప్లేస్టేషన్ భాగాల ఆధారంగా కట్టారు.

నింటెండో మాత్రం 1996లో నింటెండో 64ని మళ్ళీ క్యాసెట్‌తోనే తెచ్చింది. దీని గురించి ఎక్కడ చూసినా ఒకటే మాట వినిపిస్తుంది: క్యాసెట్‌లో చోటు తక్కువ, సీడీలో చోటు ఎక్కువ. నిజమే. ఆ క్యాసెట్‌లో గరిష్ఠంగా 64 ఎంబీ, సీడీలో 650 ఎంబీ. కానీ నా ఉద్దేశంలో అది సగం కథే. మిగతా సగం మాల్ మిగిలిపోతే నష్టం ఎవరిది అన్నది.

సినిమా భాషలో చెప్తాను. పాతరోజుల్లో సంక్రాంతికి సినిమా వేస్తే ప్రింట్లు ముందే తీయించాలి కదా. ఒక్కో ప్రింటుకి బోలెడు ఖర్చు. ఎక్కువ తీయిస్తే, సినిమా పోతే మునిగిపోతారు. తక్కువ తీయిస్తే, సినిమా ఆడితే ఊళ్ళలో ప్రింట్లు లేవు. మళ్ళీ ఆర్డర్ పెడితే అవి ఉగాదికి వస్తాయనుకోండి, అప్పటికి ఎవరు చూస్తారు? క్యాసెట్ వ్యాపారం అచ్చం ఇదే. క్రిస్మస్‌కి అమ్మాలంటే నెలల ముందే ఎన్ని కావాలో లెక్కగట్టి డబ్బు కట్టాలి. హిట్ అయితే రెండో విడత వచ్చేసరికి పండగ అయిపోతుంది. ఫ్లాప్ అయితే గోడౌన్ నిండా క్యాసెట్లు.

సీడీ అలా కాదు. నొక్కడానికి ఒకటి రెండు డాలర్లు. లెక్క సులువుగా ఉండడానికి క్యాసెట్‌కి 20 డాలర్లు, సీడీకి 2 డాలర్లు అనుకుందాం. లక్ష కాపీలకి ఒకచోట ముందే 20 లక్షల డాలర్లు ఇరుక్కుంటాయి, రెండోచోట 2 లక్షలు. సోనీకి రాయల్టీ కట్టాలి, సరే, అయినా భారం ఎంత తేలికో చూడండి. పైగా ప్లేస్టేషన్ కంపెనీలో సోనీ మ్యూజిక్ భాగస్వామి. పాటల సీడీలు అమ్మి అమ్మి ఆరితేరినవాళ్ళు. తక్కువ నొక్కించు, షాపుల్లో అయిపోతే రోజుల్లో మళ్ళీ నొక్కించు అనే పద్ధతిని గేముల్లోకి తెచ్చారు. దీని ఫలితం మామూలుగా ఎవరూ గమనించరు. చిన్న కంపెనీలు కూడా వింత వింత ప్రయోగాలు చేసే ధైర్యం వచ్చింది, ఎందుకంటే పోయినా కొంపలు మునగవు.

నింటెండో వైపు కూడా కారణాలు లేకపోలేదు. క్యాసెట్‌లో లోడింగ్ కోసం ఎదురుచూడక్కర్లేదు, గీతలు పడవు, నకలు కొట్టడం కష్టం. క్యాసెట్ తయారీ మీద వచ్చే లాభం కూడా ఉందనుకోండి.

ఇక అసలు దెబ్బ. స్క్వేర్ అనే కంపెనీ 1987 నుంచి ఫైనల్ ఫాంటసీ మొదటి ఆరు భాగాలూ నింటెండో మీదే చేసింది. ఏడోదానికి సినిమాలాంటి సీన్లు కావాలనుకున్నారు. అవి క్యాసెట్‌లో పట్టవు. 1996 మొదట్లో, మేం ప్లేస్టేషన్‌కి వెళ్తున్నాం అని ప్రకటించారు. 1997 జనవరి 31న ఫైనల్ ఫాంటసీ 7 జపాన్‌లో మూడు సీడీల్లో వచ్చింది. మొదటి మూడు రోజుల్లోనే 20 లక్షల పైచిలుకు కాపీలు అమ్ముడయ్యాయి, మొత్తం మీద ప్లేస్టేషన్‌లో కోటి దాటింది. అదే నెలలో ఎనిక్స్ కూడా జపాన్‌లో జనం ప్రాణం పెట్టే డ్రాగన్ క్వెస్ట్ తర్వాతి భాగం ప్లేస్టేషన్‌కే అని చెప్పేసింది. స్క్వేర్, నింటెండో మధ్య మళ్ళీ మాటలు కలవడానికి 2000లు రావాల్సి వచ్చింది.

నింటెండో 64 జపాన్‌లో విడుదలైన రోజు ఎన్ని గేములు ఉన్నాయో తెలుసా? మూడు. రెండు నింటెండోవి, మూడోది షోగి, అంటే జపాన్ చదరంగం.

నేను ఎవరి పక్షమూ కాదు గానీ ఒకటి చెప్పాలి. ఆ మిషన్‌లో వచ్చిన మంచి గేములు మామూలువి కావు. సూపర్ మారియో 64, గోల్డెన్ ఐ, జెల్డా ఆకరీనా ఆఫ్ టైమ్... ఇప్పటికీ 3డీ గేములు చేసేవాళ్ళు వీటి దగ్గరే నేర్చుకుంటారు. రెండు సీడీల రెసిడెంట్ ఈవిల్ 2ని 1999లో 64 ఎంబీ క్యాసెట్‌లో కుక్కి చూపించారు. సూట్‌కేస్ మీద కూర్చుని జిప్పు వేసినట్టే. కానీ అలాంటి మొనగాళ్ళు ఎంతమంది ఉంటారు?

చివరి లెక్క: నింటెండో 64 సుమారు 3.29 కోట్లు అమ్ముడైతే, ప్లేస్టేషన్ 10.2 కోట్లు. గేముల కాపీలు చూస్తే తేడా ఇంకా పెద్దది: 22.5 కోట్లు, 96.2 కోట్లు. కన్సోళ్ళలో మూడు రెట్లు, గేముల్లో నాలుగు రెట్లకు పైన. నింటెండో 64 మొత్తం జీవితంలో వచ్చిన గేములు 400 కూడా లేవు.

తర్వాత కూడా ఈ గాయం పూర్తిగా మానలేదు. 2001లో గేమ్‌క్యూబ్‌కి డిస్క్ తెచ్చారు, అది కూడా చిన్న సైజు డిస్కే, దాదాపు 1.5 జీబీ. 2.17 కోట్ల దగ్గర ఆగింది. 2011లో ఈఏ కంపెనీ బాస్ స్టేజ్ మీదకొచ్చి వీ యూకి గట్టి మద్దతు ఇస్తామన్నారు. 2012 నవంబర్‌లో మిషన్ వచ్చింది, నాలుగు గేములు ఇచ్చి 2013 మార్చి తర్వాత ఈఏ కనిపించలేదు. వీ యూ 1.35 కోట్లతో ముగిసింది. మధ్యలో వీ మాత్రం 10 కోట్లు దాటింది, కానీ అది చెయ్యి ఊపి ఆడే రిమోట్ మహిమ, ఆ కథ వేరే ఎపిసోడ్‌కి.

2017లో స్విచ్ వచ్చింది. అది మళ్ళీ క్యాసెట్టే, గోరంత కార్డు. ఈసారి కంపెనీలు క్యూ కట్టాయి. కారణం సింపుల్. అమ్మకాలు బాగున్నాయి, పైగా కార్డు వేయించడం ఖర్చనుకుంటే డౌన్‌లోడ్‌లోనే అమ్ముకోవచ్చు. గోడౌన్ గొడవే లేదు. ఇప్పటికీ కొన్ని స్విచ్ డబ్బాలు షాపులో కొని తెరిస్తే కార్డు ఉండదు, కోడ్ రాసిన కాగితం ఉంటుంది. కార్డు ఖర్చు మీద ఆ పాత పేచీ ఇంకా అక్కడే ఉంది.

ఫైనల్ ఫాంటసీ 7 కూడా నింటెండో మిషన్ మీదకి వచ్చింది. 2019 మార్చి 26న, స్విచ్‌లో, డౌన్‌లోడ్ రూపంలో. స్క్వేర్ వెళ్ళిపోతున్నాం అని చెప్పిన 23 ఏళ్ళకి.