పీహెచ్‌డీ తర్వాత చరిత్ర పరిశోధన: తీన్‌మూర్తి భవన్ ఫెలోషిప్ అంటే ఏమిటి?

చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లకు అసలు చిక్కు పట్టా చేతికి వచ్చాకే మొదలవుతుంది. అప్పటిదాకా వచ్చిన స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. పర్మనెంట్ పోస్టు వెంటనే దొరకదు. గెస్ట్ లెక్చరర్‌గా చేరితే క్లాసులతోనే రోజంతా గడిచిపోతుంది. ఏళ్ల తరబడి కష్టపడి రాసిన థీసిస్ పుస్తకం కాకుండానే బీరువాలో ఉండిపోతుంది.

ఈ మధ్యకాలంలో పరిశోధకుడిని నిలబెట్టేవే పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌లు. చరిత్ర విషయంలో వీటికి పేరున్న చోటు న్యూఢిల్లీలోని తీన్‌మూర్తి భవన్. ఒకప్పటి నెహ్రూ స్మారక మ్యూజియం, లైబ్రరీ ఇదే. 2023 ఆగస్టు నుంచి దీని పేరు ప్రధానమంత్రుల మ్యూజియం, లైబ్రరీగా మారింది.

భవనం వెనుక కథ

బ్రిటిష్ సర్వసేనాని నివాసం కోసం 1930 ప్రాంతంలో ఈ భవనాన్ని కట్టారు. దీని నమూనా గీసింది కన్నాట్ ప్లేస్ నిర్మాణానికి రూపమిచ్చిన రాబర్ట్ టోర్ రసెల్. స్వాతంత్ర్యం వచ్చాక జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడే ఉన్నారు. 1964 మే 27న ఆయన మరణించాక, అదే ఏడాది నవంబర్ 14న దీన్ని మ్యూజియంగా మార్చారు. 1966లో నిర్వహణకు ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. తొలి డైరెక్టర్ చరిత్రకారుడు బి.ఆర్. నందా. దేశ ప్రధానులందరి గురించి చెప్పే కొత్త సంగ్రహాలయం 2022 ఏప్రిల్ 14న ఇదే ఆవరణలో మొదలైంది.

భవనం పేరుకు హైదరాబాద్‌తో సంబంధం ఉంది. ఎదుటి కూడలిలోని మూడు విగ్రహాలు మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల అశ్విక దళాల జ్ఞాపకార్థం నిలిపినవి. వాటినిబట్టే తీన్‌మూర్తి అనే పేరు వచ్చింది.

లోపల ఏముంది?

సందర్శకులు చూసేది మ్యూజియం. పరిశోధకులు వచ్చేది లైబ్రరీ కోసం. నాయకుల వ్యక్తిగత పత్రాలు, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ వంటి సంస్థల రికార్డులు, పాత పత్రికల మైక్రోఫిల్ములు, స్వాతంత్ర్య సమరయోధులతో చేసిన మౌఖిక చరిత్ర ఇంటర్వ్యూలు ఇక్కడ ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా చేసిన పద్మజా నాయుడు పత్రాలు కూడా ఇక్కడివే. సరోజినీ నాయుడు కుటుంబం గురించి, ఆనాటి హైదరాబాద్ గురించి రాసేవాళ్లు వీటిని చూడక తప్పదు.

ఫెలోషిప్ ఎలా ఉంటుంది?

ఆధునిక భారత చరిత్ర, సమకాలీన అధ్యయనాలు ప్రధాన రంగాలు. సీనియర్ ఫెలో, ఫెలో, జూనియర్ ఫెలో అనే స్థాయిలు ఉంటూ వచ్చాయి. గడువు సాధారణంగా రెండేళ్లు. ఇది పూర్తికాలపు పని. నెలనెలా డబ్బు వస్తుంది కానీ ఇది ఉద్యోగం కాదు. గడువు ముగిసేసరికి పని చూపించాలి. సెమినార్‌లో పత్రం చదవాలి, తోటి పరిశోధకుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి, చివరికి ప్రచురణకు పనికొచ్చే రాతప్రతి ఇవ్వాలి. ఫెలోలు చదివిన పత్రాలు ఎన్నో ఈ సంస్థ చిన్న పుస్తకాలుగా వేసింది.

ఎన్ని ఖాళీలు, ఎంత మొత్తం, వయసు, చివరి తేదీ వంటివి ప్రకటనను బట్టి మారుతుంటాయి. అందుకే వాట్సాప్‌లో తిరిగే పాత నోటిఫికేషన్ నమ్మి దరఖాస్తు పెట్టొద్దు. సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఉర్దూ, తెలుగు రెండూ వస్తే

సెలెక్షన్‌లో బరువంతా పరిశోధన ప్రతిపాదన మీదే. ప్రశ్న ఏమిటి, ఆధారాలు ఎక్కడున్నాయి, వాటిని చదివే భాష వచ్చా అన్నవి తేలాలి. రెండు భాషలు చదవగలిగే మన పిల్లలకు పైచేయి దొరికేది ఇక్కడే. చాలామంది దీన్ని తమ బలంగా లెక్కించుకోరు. ఉర్దూ మీడియంలో చదవడమే లోటనుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘నిజాం కాలంలో పత్రికలు’ అంటే అది ప్రతిపాదన కాదు, చాలా పెద్ద సముద్రం. ‘1947-48లో హైదరాబాద్ విలీనంపై ఉర్దూ, తెలుగు పత్రికలు ఏం రాశాయి’ అంటే అది పట్టుకోగల ప్రశ్న. ఒకవైపు సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక ఉంది. మరోవైపు విలీనాన్ని సమర్థించి, 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ ఉంది. ఒక్క భాషే వచ్చినవాళ్లకు సగం కథే తెలుస్తుంది. ఆ రోజుల్లో ముస్లింలంతా ఒకే మాట మీద ఉన్నారని ఎవరైనా తేలిగ్గా రాసేస్తే, కాదని ఆధారంతో చూపించేది రెండు వైపులా చదివినవాళ్లే.

ఢిల్లీకి అప్లై చేసేముందు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లి రావడం మంచిది. మొఘలుల కాలం నుంచి ఆసఫ్‌జాహీల దాకా ఫార్సీ, ఉర్దూ రికార్డులు అక్కడ ఉన్నాయి. ఏ ఫైల్ ఇక్కడ చూశారు, ఏది ఢిల్లీలో చూడాలి అని రాస్తే ప్రతిపాదనకు గట్టి పునాది పడుతుంది.

మిగతా దారులు

తీన్‌మూర్తి ఒక్కటే దారి కాదు. 1972లో ఏర్పడిన భారత చరిత్ర పరిశోధన మండలి, 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి కూడా పీహెచ్‌డీ తర్వాతి ఫెలోషిప్‌లు ఇస్తాయి. సిమ్లాలోని భారతీయ ఉన్నత అధ్యయన సంస్థలో అక్కడే ఉండి పరిశోధన చేసుకోవచ్చు.

మైనారిటీ విద్యార్థులకు పీహెచ్‌డీ దాకా తోడున్న మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబర్‌లో ప్రకటించింది. అంటే పట్టా దాకా రావడమే ఇప్పుడు కష్టమైంది. వచ్చినవాళ్లు అక్కడితో ఆగిపోతే నష్టం వాళ్లొక్కరిదే కాదు. ఉర్దూ ఫైళ్లు చదివేవాళ్లు తగ్గేకొద్దీ, ఆ ఫైళ్లలో ఉన్న ఊళ్లు, మనుషులు చరిత్ర పుస్తకాల్లోకి రాకుండా పోతారు. బీరువాలో ఉన్న థీసిస్‌ను ఈ ఏడాదే బయటికి తీసి, రెండు పేజీల ప్రతిపాదన రాసుకోవడం దానికి మొదటి మెట్టు.