తవుడులో పోయిన బలం

రోకలి పోటు కష్టం మన సంఘాల్లో పెద్దవయసు అక్కలకు ఇంకా గుర్తే. రైసు మిల్లు వచ్చి ఆ చాకిరీ తప్పించింది. మళ్లీ రోకలి పట్టమని మేం ఎవరికీ చెప్పం. కానీ చాకిరీతో పాటు ఇంకేం పోయిందో మనం తెలుసుకోవాలి.

మన సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు చాలా పాతది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కమ్‌సన్ 1835లోనే దాని మీద పుస్తకం రాశాడు. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, ఆయాసంతో మనుషులు పోయేవారు. కారణం అంతుపట్టలేదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు చూసిందేమంటే, తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోయాయి, పైపొర తీయని బియ్యం పెడితే తేరుకున్నాయి. ఆ తేడా తవుడులో ఉండే బి1 విటమిన్‌దని తర్వాత తేలింది.

1918లో కూనూరులో మెకారిసన్ పరిశోధన మొదలుపెట్టింది కూడా ఈ బెరిబెరి గురించే. ఆ చిన్న కేంద్రమే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

అక్కడ పనిచేసిన ఐక్రాయిడ్, కృష్ణన్ మన ప్రాంతపు పసిబిడ్డల మరణాలను పరిశీలించారు. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలలోనూ ఉండదు. బాగానే కనిపించే బిడ్డ కొద్ది నెలలకే ఉన్నట్టుండి పోతుంది. దిష్టి తగిలిందనో, తల్లి తిండి సరిగా చూసుకోలేదనో నింద మాత్రం ఆడదాని మీదే పడేది. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు తక్కువ. వడ్లు ఉడికేటప్పుడు బి1 గింజ లోపలికి దిగుతుంది కాబట్టి.

ఆ సంస్థ 2017 పట్టికల్లో నూరు గ్రాముల ముడిబియ్యంలో బి1 0.27 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 0.05. రాగుల్లో సున్నం 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో ఎనిమిది కూడా లేదు. మందుగా వాడే మునగాకు కూడా ఆ పట్టికల్లో ఉంది. అందులోనూ సున్నం దండి.

గంజి వార్చి కుడితిలో పోస్తే మిగిలిన బి1 గేదెకు పోతుంది. అందుకే అత్తెసరు పెట్టుకుందాం. మిల్లులో ఒక్క పట్టు తక్కువ వేయమందాం. ముడిబియ్యం త్వరగా ముక్కిపోతుంది కనుక కొద్దికొద్దిగా ఆడించుకుందాం. బాలింతకు కంచంలో పప్పూ ఆకుకూరా ముందు వడ్డిద్దాం. వీటిలో దేనికీ అప్పు అక్కర్లేదు.