మంచం పట్టినవాళ్ల చిట్టా

కృష్ణా డెల్టా దిగువ ఊళ్లలో మనిషి ఆరోగ్యం గురించి సర్కారు పుస్తకంలో మొదటి గీత గీసింది వైద్యుడు కాదు, గ్రామాధికారి. 1899లో మద్రాసు రాజధానిలో వచ్చిన జనన మరణాల నమోదు చట్టం ఆ పనిని ఊరి అధికారి మీద పెట్టింది. పుట్టినవాడు, పోయినవాడు, పోయిన కారణం అన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కేవి. కారణం గడిలో చాలాచోట్ల జ్వరమో, విరేచనాలో ఉండేవి. పుట్టుకకూ చావుకూ మధ్య మనిషి ఎలా బతికాడన్నది ఆ పుస్తకానికి అక్కర్లేదు. మూలుగుతూ మంచంలో ఉన్న ముసలమ్మ ఆ మంచం మీద నుంచి శాశ్వతంగా వెళ్లిపోయాకే అందులో కనిపించేది.

ఆ లోటు ఎంతటిదో దివిసీమకు 1977లో తెలిసింది. నవంబరు 19న ఉప్పెన సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లను తుడిచేసింది. పోయినవాళ్లు పదివేలకు పైమాటేనని ప్రభుత్వం చెప్పింది. ఇంకా చాలా ఎక్కువని ఊళ్లు నేటికీ చెబుతాయి. ఈ రెండు లెక్కలూ ఎప్పటికీ కలవవు. కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయినచోట మరణాన్ని నమోదు చేయించడానికి మిగిలింది ఎవరు? బందరుకు (మచిలీపట్నానికి) ఇది కొత్త గాయం కూడా కాదు. 1864 నవంబరు ఉప్పెనలో ఆ పట్టణమూ చుట్టుపక్కల ఊళ్లూ కలిపి ముప్పైవేల మందిని పోగొట్టుకున్నాయని చరిత్ర చెబుతుంది. 1977 తర్వాత తుపాను షెల్టర్లు వచ్చాయి, బందరులో తుపానుల్ని కనిపెట్టే రాడారు వచ్చింది. గాలి ఎటునుంచి వస్తుందో చెప్పే యంత్రం మీద పెట్టిన శ్రద్ధ, ఆ గాలి వచ్చేలోగా లేచి నడవలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో రాసుకోవడం మీద పెట్టలేదు. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి.

నిజానికి ఆ పనికి కావలసిన మనుషులు అప్పటికే ఊళ్లలోకి వస్తున్నారు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ఒక్కో జబ్బుకు ఒక్కో ఉద్యోగి తిరిగే పద్ధతి మాని, అన్నీ చూసే ఆరోగ్య కార్యకర్త ఉండాలని చెప్పింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. మైదాన ప్రాంతంలో అయిదువేల జనాభాకు ఒక సబ్ సెంటరు, అందులో ఒక ఏఎన్ఎం, అంటే సహాయక నర్సు. ఊరివాళ్లకు ఆమె నర్సమ్మ. గట్ల మీద నడిచి, రేవు దాటి, టీకా పెట్టె భుజాన వేసుకుని తిరిగిన ఆమె చేతిలో ఉండేది రిజిస్టర్ల కట్ట: గర్భిణులకు ఒకటి, పిల్లల టీకాలకు ఒకటి, కుటుంబ నియంత్రణకు ఒకటి, మలేరియాకు ఒకటి. ఈలోగా 1984లో, నిమ్మకూరులో పుట్టి గుడివాడ నుంచి శాసనసభకు గెలిచిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్ కరణం, మునసబు పదవుల్ని రద్దు చేశారు. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదే. అయితే ఊరంతటినీ ఒకేచోట ఎరిగిన పుస్తకం అనేది ఇక లేకుండా పోయింది. రెవెన్యూ లెక్క ఒకవైపు, ఆరోగ్యం లెక్క ఇంకోవైపు, పింఛను లెక్క మరోవైపు సాగాయి.

కంప్యూటరు వచ్చాక ఈ చీలిక ఇంకా గట్టిపడింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. 2008లో దేశమంతటి ఆరోగ్య లెక్కలూ చేరే హెచ్ఎంఐఎస్ పోర్టల్ మొదలైంది. సబ్ సెంటర్ల నుంచి నెలనెలా అంకెలు పైకి వెళ్లేవి: ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు. 2009 చివర్లో తల్లీబిడ్డల ట్రాకింగ్ వచ్చింది. ఇది పెద్ద మార్పు. అంకెల స్థానంలో పేర్లు వచ్చాయి. ఫలానా ఊరి ఫలానా తల్లికి మూడో పరీక్ష ఇంకా జరగలేదని ఎక్కడో ఉన్న యంత్రం చెప్పగలిగింది. ఆ రోజుల్లోనే 104 సంచార వైద్య బండ్లు నెలకొకసారి ఊళ్లకు వచ్చి బీపీ, షుగరు చూసి మందులిచ్చేవి. రెండూ మంచివే. కానీ ఒకటి కాన్పు అయ్యే వయసు ఆడవాళ్లకూ పిల్లలకూ మాత్రమే, రెండోది బండి దగ్గరకు నడిచి రాగలిగినవాళ్లకే. రేవు దాటి ఆవల ఉన్న ఎదురుమొండి లాంటి లంకలకు బండి వెళ్లాలంటే పంటు మీద ఎక్కించాల్సిందే.

2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే తొలిసారిగా ఏఎన్ఎంల చేతికి ‘అన్మోల్’ యాప్ ఉన్న ట్యాబ్ ఇచ్చారు. సిగ్నల్ లేనిచోట రాసుకుని, సిగ్నల్ దొరికాక పైకి పంపే వీలు అందులో పెట్టారు. సముద్రపు ఒడ్డు ఊళ్లు తెలిసినవారు ఎవరైనా ఆ వీలును మెచ్చుకోవలసిందే. అయినా రిజిస్టర్లు పోలేదు. పుస్తకమూ రాయాలి, ట్యాబూ నింపాలి. కొత్త యాప్ వచ్చినప్పుడల్లా నర్సమ్మ సాయంత్రాల్లోంచి మరో గంట పోయింది. ఆ గంట ఒక రోగి పక్కన కూర్చోవలసిన గంట. ఈ వ్యవస్థలన్నిటిలో నన్ను బాధించే విషయం ఇదే: సమాచారం ఎప్పుడూ ఇంటి నుంచి పైకి పోతుంది. పై నుంచి ఆ ఇంటికి తిరిగి వచ్చేది చాలా తక్కువ. పోయిన నెల బందరు పెద్దాసుపత్రిలో పక్షవాతానికి చూపించుకుని వచ్చిన మనిషి సంగతి, అతని వీధిలోనే తిరిగే ఆశా కార్యకర్తకు ఇరుగుపొరుగు చెబితే తెలుస్తుంది, వ్యవస్థ చెప్పదు.

ఇంటి గడప దాకా నిజంగా వెళ్లిన చిట్టా ఆరోగ్య శాఖది కాదు, పింఛన్లది. నెలకు డెబ్భై అయిదు రూపాయలున్న వృద్ధాప్య పింఛను 2006లో రెండు వందలు, 2014లో వెయ్యి అయ్యింది. డబ్బు పెరిగేకొద్దీ అర్హత తేల్చే యంత్రాలూ పెరిగాయి. వికలాంగుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో సదరం అనే సాఫ్ట్‌వేర్ తయారైంది. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు ఒకే పద్ధతిలో తేల్చడానికి అది పనికొచ్చింది. కానీ కదలలేని మనిషిని మంచంతో సహా శిబిరానికి మోసుకెళ్లాల్సి వచ్చేది. తర్వాత వేలిముద్రలు. జీవితమంతా నాట్లు వేసిన చేతులకు, వలలు లాగిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఒప్పుకోకపోతే కంటిపాప, అదీ కుదరకపోతే ముఖం. మనిషిని మనిషి గుర్తుపట్టే ఊళ్లో యంత్రం గుర్తుపట్టేదాకా ముసలివాళ్లు నిలబడ్డారు.

2019లో యాభై ఇళ్లకు ఒక వలంటీరు, ఊరికొక సచివాలయం వచ్చాయి. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటికే రావడం మొదలైంది. దాని విలువ 2024 ఎన్నికల ముందు తెలిసింది. వలంటీర్లను పంపిణీకి దూరంగా ఉంచమని ఎన్నికల సంఘం చెప్పడంతో, మే నెల ఎండల్లో వృద్ధులు బ్యాంకుల ముందు బారులు తీరారు. ఆ ఏడాది జులై 1 నుంచి సచివాలయ ఉద్యోగులే గడప దగ్గర ఇస్తున్నారు: వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు. ఈ చివరి మాటలో ఒక చరిత్ర ఉంది. మంచం పట్టినవాళ్లు అనే వర్గాన్ని ప్రభుత్వం పేరుపేరునా గుర్తించింది. 2025 జనవరిలో వారిని తిరిగి పరీక్షించడానికి డాక్టర్ల బృందాలే ఇళ్లకు వెళ్లాయి. వెళ్లింది అర్హత తేల్చడానికి. అదే డాక్టరు ఒళ్లు ఒరుసుకుపోయి పడిన పుండుకు ఏం చేయాలో ఇంటివాళ్లకు చెప్పి, మళ్లీ ఎప్పుడు వస్తాడో రాసి ఉంటే ఆ ప్రయాణానికి రెండింతల ఫలం దక్కేది.

డాక్టరు ఊరికి రావడమనే ఆలోచన కూడా ఈ మధ్యే ఒక రూపానికి వచ్చింది. 2019 నవంబరులో ఈ-సంజీవని ద్వారా గ్రామాల నుంచి డాక్టరుతో వీడియోలో మాట్లాడే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం లాంఛనంగా మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 బండితో ఊరికి వచ్చి, ఉదయం క్లినిక్‌లో చూసి, మధ్యాహ్నం మంచంలో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లాలన్నది ఏర్పాటు. ఆభా అనే ఆరోగ్య గుర్తింపు సంఖ్య కింద ప్రతి మనిషి ఆరోగ్య వివరాలూ ఒకచోట చేరాలన్నది ఆశయం. అదే ఏడాది సెప్టెంబరులో బందరు ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. దిగువ కృష్ణకు ఇన్ని వసతులు ఒకేసారి ఎప్పుడూ లేవు.

గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో ఇవన్నీ ఎందుకు అవసరమో చెప్పనక్కర్లేదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, పెద్ద మండువా ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లు మిగులుతున్నారు. ఒకరు మంచం పడితే రెండోవారే నర్సు. పేద ఇంట్లో ఆ పని కోడలిదో కూతురిదో అవుతుంది, ఆమె కూలి పోతుంది. చూసుకునేవాళ్ల పేరు రాసుకోవడానికి ఈ చిట్టాల్లో ఒక గడి ఉండాలి. ఆమె నడుం నొప్పి, ఆమె పోగొట్టుకున్న పనిదినాలు రోగి చరిత్రలో భాగమే.

ఇక విపత్తు వేళల సంగతి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు దివిసీమ లంక ఊళ్లను ఖాళీ చేయించారు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చేలోగా కాన్పు దగ్గరపడ్డ గర్భిణుల్ని ముందే ఆసుపత్రులకు చేర్చారు. పేర్లతో జాబితా ఉండబట్టే అది సాధ్యమైంది. మంచం పట్టినవాళ్లకూ డయాలసిస్ మీద ఉన్నవాళ్లకూ అదే జాగ్రత్త కావాలి, వాళ్ల పేర్లు పింఛను చిట్టాలో ఇప్పటికే ఉన్నాయి.

నెల మొదట్లో ప్రతి పింఛనుదారు గడపలోనూ ఒక ఉద్యోగి నిలబడుతున్నారు. డబ్బు చేతిలో పెట్టాక మూడు సంగతులు అడిగి రాసుకుంటే చాలు: లేచి నడుస్తున్నారా, మందులు ఉన్నాయా, ఎవరు చూసుకుంటున్నారు. ఆ జవాబు ఆ సాయంత్రమే సచివాలయంలోని ఏఎన్ఎంకు చేరాలి, ఆమె దాన్ని మళ్లీ మరో యాప్‌లో ఎక్కించే పని ఉండకూడదు. రాసుకునే ముందు ఇంటివాళ్ల సమ్మతి తీసుకోవాలి, ఎవరు చూడవచ్చో వాళ్లకు చెప్పాలి. జాబితా కాగితం మీద కూడా ఒక ప్రతి సచివాలయం బీరువాలో ఉండాలి, ఎందుకంటే తుపాను రాత్రి ముందు పోయేది కరెంటు, ఆ తర్వాత సిగ్నల్.