అడగకుండా తెలుసుకున్న సంగతులు

మనిషిని ప్రశ్న అడిగితే వచ్చే జవాబులో అతని సంగతి కొంత ఉంటుంది, అడిగినవారి ముందు ఎలా కనబడాలన్న తాపత్రయం కొంత ఉంటుంది. ఈ రెండింటినీ విడదీయడం సామాజిక పరిశోధనకు మొదటినుంచీ ఉన్న చిక్కు. ఎవరినీ అడగకుండా, గమనిస్తున్నట్టు తెలియనివ్వకుండా, జనం విడిచిన జాడల నుంచి వారి నడవడిని కొలిచే పద్ధతులు ఆ చిక్కులోంచే పుట్టాయి.

ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1885లో నేచర్ పత్రికకు ఒక చిన్న వ్యాసం రాశాడు. ఉపన్యాసం వింటున్నవారికి ఎంత విసుగు పుట్టిందో కొలవడం ఎలా అన్నది అందులోని విషయం. మనసుపెట్టి వినేవారు నిటారుగా, కదలకుండా కూర్చుంటారు. విసుగెత్తినవారు అటూ ఇటూ ఒరుగుతూ మెసలుతుంటారు. సభలో కొంతమందిని ఎంచుకుని, వారు నిమిషానికి ఎన్నిసార్లు కదులుతున్నారో ఆయన లెక్కపెట్టాడు. గడియారం తీస్తే పక్కవారు గమనిస్తారని తన ఊపిరులతోనే కాలాన్ని లెక్కగట్టాడు. కొలిచే పనే కొలవదలచినదాన్ని మార్చకూడదన్న సూత్రమంతా ఆ జాగ్రత్తలోనే ఉంది.

మాటకూ చేతకూ మధ్య దూరం ఎంతో 1934లో రిచర్డ్ లాపియర్ ప్రచురించిన అధ్యయనం బయటపెట్టింది. చైనీయుల మీద వివక్ష బాహాటంగా ఉన్న రోజుల్లో ఆయన ఒక చైనా దంపతులతో కలిసి కారులో అమెరికా అంతా తిరిగాడు. 251 హోటళ్లు, భోజనశాలలకు వెళితే పొమ్మన్నది ఒక్కచోట. ఆరు నెలల తర్వాత ఆ యజమానులకే ఉత్తరాలు రాసి, చైనీయులను రానిస్తారా అని అడిగాడు. జవాబిచ్చిన 128 మందిలో తొంభై శాతానికి పైగా రానివ్వమన్నారు. ఉత్తరానికి జవాబు రాసినవారే గుమ్మంలో ఎదురుపడినవారని చెప్పలేం కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా కాగితం మీది జవాబును నడవడిగా లెక్కేసుకునే అలవాటుకు అది గట్టి దెబ్బ.

ఇలాంటి చెదురుమదురు ప్రయత్నాలను ఒక్కచోట చేర్చిన పుస్తకం 1966లో వచ్చింది. రాసినవారు యూజీన్ వెబ్, డొనాల్డ్ క్యాంప్‌బెల్, రిచర్డ్ ష్వార్ట్జ్, లీ సెక్రెస్ట్. అరుగుదల, పేరుకున్న వస్తువులు, పాత రికార్డులు, దూరం నుంచి చూడడం వంటి ఆధారాలను వారు వరసగా పరిశీలించారు. అందులో అందరికీ గుర్తుండిపోయిన ఉదాహరణ షికాగో విజ్ఞాన ప్రదర్శనశాలది. గుడ్లలోంచి కోడిపిల్లలు బయటికొచ్చే దృశ్యం చూపే చోట నేల పలకలను ఆరు వారాలకోసారి మార్చాల్సి వచ్చేది. మిగతా చోట్ల అవి ఏళ్ల తరబడి ఉండేవి. అయితే ఆ అరుగుదల ఎక్కువమంది వచ్చినందువల్లా, వచ్చినవారు ఎక్కువసేపు అక్కడే కాళ్లు కదుపుతూ నిలబడినందువల్లా? పలక చెప్పదు. ప్రశ్నావళులను మానెయ్యమని ఆ నలుగురూ అనలేదు. ఏ ఒక్క కొలతనూ ఒంటరిగా నమ్మవద్దని, లోపాలు వేరువేరుగా ఉన్న పద్ధతులు ఒకే సంగతి చెప్పినప్పుడు దాని బలం పెరుగుతుందని వాదించారు.

ఈ దారిలో అన్నిటికంటే ఓపికగా సాగిన పని టుసాన్ నగరంలో జరిగింది. అరిజోనా విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రవేత్త విలియం రాత్జే 1973లో ఇళ్ల చెత్తను తవ్వకాల్లో దొరికిన పెంకుల్లాగే చదవడం మొదలుపెట్టాడు. పారిశుద్ధ్య సిబ్బంది ఎంపిక చేసిన పేటల సంచులు తెచ్చి ఇస్తే, విద్యార్థులు చేతి తొడుగులు వేసుకుని డబ్బాలు, ఎముకలు, తొక్కలు వేరుచేసి రాసుకునేవారు. ఇంటర్వ్యూల్లో తక్కువ తాగుతామన్న పేటల చెత్తలో అంతకు మించి బీరు డబ్బాలు కనిపించాయి. ఆ ఏడాది గొడ్డుమాంసానికి కరువొచ్చిన నెలల్లో జనం దాన్ని పొదుపుగా వాడి ఉంటారనుకుంటాం; చెత్తలో మాత్రం మామూలు రోజులకంటే ఎక్కువ మాంసం వృథాగా పోయింది. దొరికినప్పుడే ఎక్కువ కొనిపెట్టుకోవడం, అలవాటులేని ముక్కలు తెచ్చుకోవడం అందుకు కారణాలని పరిశోధకులు ఊహించారు. 1987 నుంచి వారు పాత డంపింగ్ యార్డులనూ తవ్వారు. దశాబ్దాల కిందటి వార్తాపత్రికలు చదవడానికి వీలుగా బయటపడ్డాయి. పూడ్చినదంతా త్వరలో కుళ్లి మట్టవుతుందన్న నమ్మకం అక్కడ చెదిరిపోయింది.

జాడలకూ పక్షపాతం ఉంటుంది. కాకతీయుల కాలం నాటి ఆంధ్రదేశపు శాసనాలను పెద్ద సంఖ్యలో లెక్కగట్టి సింథియా టాల్బట్ 2001లో ఒక గ్రంథం ప్రచురించారు. దాతలు తమను నాయకులుగా, సెట్టిలుగా, బోయలుగా చెప్పుకున్నారే తప్ప వర్ణం, జాతి పేర్లు చెప్పుకోవడం అరుదని ఆమె గమనించారు. ఏ సర్వే అధికారీ అడగకుండా వచ్చిన సాక్ష్యం కనుక దానికి విలువ ఎక్కువ. కానీ రాతికెక్కింది దానం ఇవ్వగలిగినవారి మాటే. పొలంలో కూలి చేసి బతికినవారు అందులో దాదాపు లేరు. ఏది నమోదైంది, ఏది మిగిలింది అని అడగకుండా రికార్డును నమ్మితే పరిశోధకుడు మోసపోతాడు.

తెలియకుండా కొలవడంలో ఇంకో బాధ్యత ఉంది: కొలవబడేవారు ఒప్పుకోలేదు. 1970లో లాడ్ హంఫ్రీస్ ప్రచురించిన అధ్యయనం మీద పెద్ద దుమారం రేగింది. బహిరంగ మరుగుదొడ్లలో రహస్యంగా కలుసుకునే పురుషుల కారు నంబర్లు రాసుకుని, చిరునామాలు పట్టుకుని, తర్వాత ఆరోగ్య సర్వే పేరుతో ఆయన వారి ఇళ్లకు వెళ్లాడు. బయటపడితే ఆ మనుషుల బతుకులు కూలిపోయే కాలమది. ఫలితాలు ఎంత విలువైనవైనా అది చేయకూడని పని. టుసాన్‌లో చెత్త సంచుల మీద పేట, తేదీ మాత్రమే నమోదు చేశారు. ఏ సంచి ఏ ఇంటిదో రాసుకోలేదు.