పల్లె దృశ్యచిత్రంలో నిశ్శబ్దం

చెరువుగట్టు, నాలుగు తాటిచెట్లు, రెండు పూరిళ్లు, వెనుక కొండ. మనిషి అలికిడి లేదు. తెలుగు రాష్ట్రాలకు వెలుపల పెరిగిన విద్యార్థికి పూర్వీకుల పల్లె తరచు ఇటువంటి చిత్రంగానే పరిచయమవుతుంది. కాని పల్లెను ఇలా నిశ్శబ్దంగా చిత్రించడం మనకు పాత అలవాటు కాదు.

చేర్యాల నకాషీ పటాలను చూడండి. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, ఎర్రని నేపథ్యంపై అరలు అరలుగా కథను గీస్తారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కూనపులివారు ఇటువంటి పటం చూపుతూ చెప్పేవారు. ఇక్కడ చెట్టూ ఇల్లూ కథ జరిగే చోటును సూచించడానికే. పటం నిండా మనుషులే.

మనుషులు లేని నేలను, దూరాన్ని చిత్రవస్తువుగా చూసే దృష్టి ఆంగ్లేయుల నీటిరంగుల చిత్రాలతోను, 1850లో మద్రాసులో, 1857లో బొంబాయిలో వెలసిన చిత్రకళా పాఠశాలలతోను బలపడింది. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావును అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సహించి బొంబాయి జె.జె. స్కూలుకు పంపారు. చదువు ముగించి వచ్చిన రామారావు పురాణ ఘట్టాలతోపాటు గోదావరిని, కొండలను కూడా చిత్రించారు. 1925లో మశూచితో మరణించేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. దేవుడూ రాజూ లేకపోయినా మన నేల చిత్రానికి తగినదేనని ఆ తరం చూపింది. అది చిన్న లాభం కాదు.

నష్టమూ ఉంది. దూరం నుంచి చూస్తే శ్రమ కనిపించదు. గోదావరి డెల్టా పచ్చదనం 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువల ఫలం. ఆ కాలువలు తవ్విన కూలీలు పచ్చని పొలం చిత్రంలో ఉండరు. అలాగే, తెలంగాణ పద్మశాలీలు ఊరు విడిచి మగ్గం పనికి, మిల్లు పనికి షోలాపూర్ ఎందుకు వెళ్లారో ప్రశాంతమైన పల్లె చిత్రం చెప్పదు. అక్కడ వారు నేటికీ మార్కండేయ రథోత్సవం జరుపుకొంటారు. వారి వెంట వెళ్లింది పురాణం, చెరువుగట్టు కాదు.

అందుకని పల్లె చిత్రం అందాన్ని కాదనక్కరలేదు. చిత్రకారుడు ఎక్కడ నిలబడి చూశాడు, ఆ పొలం ఎవరిది, ఆ వేళ ఊరివాళ్లు ఏ పనిలో ఉన్నారు అని అడగాలి. జవాబులకోసం భూమి రికార్డులను, కులపురాణాలను, అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఆశ్రయించాలి.